పెన్నీ డ్రెడ్‌ఫుల్: రాక్షసులంతా ఒకే ఊళ్లో ఎలా కలిశారు?

క్లుప్తంగా: 2014 నుంచి 2016 దాకా వచ్చిన ‘పెన్నీ డ్రెడ్‌ఫుల్’ విక్టోరియా రాణి కాలపు లండన్‌లో జరిగే గోథిక్ (పాత కోటలు, శాపాలు, దెయ్యాల తరహా) హారర్ సిరీస్. ఫ్రాంకెన్‌స్టైన్, డోరియన్ గ్రే, డ్రాకులా వంటి వేర్వేరు నవలల పాత్రలు ఇందులో ఒకే కథలో కలుస్తాయి. దీనికి చట్టం ఎలా ఒప్పుకుంది, కథగా ఎందుకు నిలబడింది, మూడో సీజన్‌తో చెప్పాపెట్టకుండా ఎందుకు ఆగిపోయింది అన్నవి ఇక్కడి విషయాలు. సిరీస్ ఇంకా చూడనివాళ్లు చివరి భాగాన్ని పక్కన పెట్టుకోవచ్చు, ముగింపు అందులో ఉంది.

నవలలు వదిలేసిన ఖాళీల్లో

ఈ సిరీస్ మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి రెండో ఎపిసోడ్‌కల్లా ఒక చిక్కు ఎదురవుతుంది. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్‌ది జెనీవా, పైగా అతని కథ ఈ సిరీస్ కాలానికి సుమారు వందేళ్ల ముందుది. అతను లండన్‌లో ఏం చేస్తున్నాడు? డోరియన్ గ్రే ఎక్కడివాడు, డ్రాకులా నవలలోని మీనా ఎక్కడిది? మూల నవలలు చదివినవాళ్లకు ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ.

కథ 1891లో మొదలవుతుంది. ఆఫ్రికా లోపలి ప్రాంతాల్లో తిరిగి పేరు తెచ్చుకున్న సర్ మాల్కమ్ మర్రీ (టిమోతీ డాల్టన్) కూతురు మీనా కనిపించకుండా పోయింది. ఆమెతో కలిసి పెరిగిన వెనెస్సా ఐవ్స్ (ఎవా గ్రీన్) అతనితో కలిసి వెతుకుతూ ఉంటుంది. తుపాకీ విద్య ప్రదర్శించే అమెరికన్ ఈథన్ చాండ్లర్ (జోష్ హార్ట్‌నెట్), శవాలతో ప్రయోగాలు చేసే కుర్ర డాక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ (హ్యారీ ట్రెడవే) వాళ్లతో చేరతారు. మాల్కమ్ ఇంటి వ్యవహారాలన్నీ సెంబీన్ అనే ఆఫ్రికన్ చేతిలో ఉంటాయి.

ఈ కథ అల్లిన జాన్ లోగన్ పద్ధతి మీనా దగ్గరే తెలిసిపోతుంది. బ్రామ్ స్టోకర్ నవలలో పెళ్లికి ముందు ఆమె పేరు మీనా మర్రీ. తల్లిదండ్రులు తనకు తెలియదని ఆమే చెబుతుంది. స్టోకర్ రాయకుండా వదిలేసిన ఆ తండ్రి స్థానంలో లోగన్ ఒక మనిషిని నిలబెట్టాడు. మూల కథలో అక్షరం మార్చకుండా దానికి కొత్త గుమ్మం తెరిచాడన్నమాట.

ఫ్రాంకెన్‌స్టైన్ విషయంలోనూ ఇదే ఎత్తుగడ. తాను ప్రాణం పోసిన జీవికి జోడీగా ఒక స్త్రీని తయారుచేయడం మొదలుపెట్టిన విక్టర్, ప్రాణం పోయకముందే ఆ శరీరాన్ని ముక్కలు చేసేస్తాడు నవలలో. సిరీస్‌లో ఆ స్త్రీ లేచి కూర్చుంటుంది. క్షయతో చనిపోబోతున్న వేశ్య బ్రోనా (బిల్లీ పైపర్) చనిపోయి, లిలీగా తిరిగి వస్తుంది. మొదట పసిపిల్లలా కనిపించినా, పాత జన్మలో మగవాళ్లు తనను ఏం చేశారో ఆమెకు అంతా గుర్తుందని తర్వాత తెలుస్తుంది. నవలలో పుట్టకముందే చనిపోయిన పాత్ర ఇక్కడ అందరికన్నా ఎక్కువ కోపంతో మాట్లాడుతుంది.

వెనెస్సా మాత్రం ఏ పుస్తకంలోంచీ రాలేదు. అతుకుల బొంతలా తయారవ్వాల్సిన కథను ఒకటిగా పట్టి ఉంచినది ఈ సొంత పాత్రే. మిగతావాళ్లకు ఏం జరగబోతోందో పాఠకులకు ఎంతో కొంత ముందే తెలుసు, ఈమె గురించి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు.

చట్టం గీసిన గీత

పాత్రలను ఇలా కలపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసిన మేరీ షెల్లీ 1851లో, మందు తాగి హైడ్ అనే రాక్షసుడిగా మారే డాక్టర్ జెకిల్ కథ రాసిన స్టీవెన్సన్ 1894లో, ముసలితనం రాని డోరియన్ గ్రే కథ రాసిన ఆస్కార్ వైల్డ్ 1900లో, ‘డ్రాకులా’ రాసిన స్టోకర్ 1912లో చనిపోయారు. రచయిత మరణించాక 70 ఏళ్లు అన్న నేటి లెక్కన చూసినా వీళ్ల నవలల మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. తీరకముందు సంగతి వేరు. 1922లో జర్మనీలో ‘నోస్‌ఫెరాటు’ పేరుతో డ్రాకులా కథను అనుమతి లేకుండా తీస్తే, స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కి గెలిచింది. ప్రింట్లన్నీ నాశనం చేయాలని తీర్పు వచ్చింది. కొన్ని ఎలాగో బయటపడ్డాయి కాబట్టే ఆ సినిమా ఇప్పటికీ ఉంది.

నవల అందరిదీ అయినంత మాత్రాన దాని మీద వచ్చిన సినిమాలు అందరివీ అయిపోవు. బల్లపరుపు తల, మెడకు రెండు పక్కలా ఇనుప మేకులు, బరువుగా ఊగే నడక. ఫ్రాంకెన్‌స్టైన్ జీవి అనగానే కళ్లముందు మెదిలే ఈ రూపం 1931లో యూనివర్సల్ స్టూడియో మేకప్ గదిలో తయారైంది, దాని మీద హక్కులు ఆ స్టూడియోవే. షెల్లీ రాసిన జీవికి జారే నల్లటి జుట్టు, తెల్లటి పళ్లు ఉంటాయి. అది ఇంగ్లిష్ కవి మిల్టన్‌ను చదివి, తర్కంతో వాదిస్తుంది. సిరీస్‌లో రోరీ కిన్నియర్ వేసిన జీవి ఈ పోలికలోనే ఉంటుంది. పొడవాటి నల్ల జుట్టు, పాలిపోయిన ముఖం, కుట్ల గుర్తులు, నోటినిండా కవిత్వం. హక్కుల భయంవల్లో నవల మీద గౌరవంవల్లో గానీ, తెర మీద షెల్లీకి ఇంత దగ్గరగా వచ్చిన జీవి అరుదు.

తోడేలు మనిషిది ఇంకో రకం ఇబ్బంది. డ్రాకులాకు ఉన్నట్టు అతనికి అందరూ ఒప్పుకునే మూల నవల లేదు. జనానికి గుర్తున్నది 1941లో యూనివర్సల్ తీసిన సినిమా, అందులో నాయకుడి పేరు లారెన్స్ టాల్బట్. సిరీస్‌లో తోడేలుగా మారే ఈథన్ అసలు పేరు ఈథన్ లారెన్స్ టాల్బట్ అని తర్వాత బయటపడుతుంది.

రాక్షసులను కలిపి చూపించడం కొత్తేమీ కాదు. 1943 నుంచి యూనివర్సల్ వాళ్లే ఫ్రాంకెన్‌స్టైన్ జీవినీ తోడేలు మనిషినీ ఎదురెదురుగా నిలబెట్టారు, 1948 వచ్చేసరికి వాళ్లను కామెడీ సినిమాలో నవ్వులపాలు చేశారు. 2017లో అదే స్టూడియో ‘డార్క్ యూనివర్స్’ అంటూ ఘనంగా ప్రకటించిన సినిమాల వరస మొదటి సినిమాతోనే ఆగిపోయింది. ఆ సినిమాల్లో రాక్షసులు కలిసేది కొట్టుకోవడానికి. ఇక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, ఒకరి తప్పులు ఇంకొకరికి తెలుస్తాయి. హారర్ కన్నా కుటుంబ కథ లక్షణాలే ఎక్కువ కనిపించడం ఇందువల్లే.

1890లే ఎందుకు?

గోథిక్ కథలు లండన్‌లో పుట్టలేదు. 1764లో వచ్చిన మొదటి గోథిక్ నవల ఇటలీలోని పాత కోటలో జరుగుతుంది. దెయ్యాలూ శాపాలూ ఎక్కడో దూరదేశంలో, ఎప్పుడో పాతకాలంలో ఉంటాయన్నది అప్పటి ఇంగ్లిష్ పాఠకుడి ధీమా. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ దూరం చెరిగిపోయింది. జెకిల్, హైడ్‌ల కథ 1886లో, డోరియన్ గ్రే 1890లో, డ్రాకులా 1897లో వచ్చాయి. పదకొండేళ్లలో మూడు కథలు, మూడింటిలోనూ ప్రమాదం లండన్ వీధుల్లోనే. 1818లో వచ్చిన ఫ్రాంకెన్‌స్టైన్ ఒక్కటే ఈ లెక్కకు అందదు. విక్టోరియా పుట్టిందే ఆ మరుసటి ఏడాది.

ఆ దశాబ్దంలో భయాలు ఊరికే పుట్టలేదు. 1801లో సుమారు పది లక్షలున్న లండన్ జనాభా వందేళ్లలో 65 లక్షలకు చేరింది. పక్కింట్లో ఎవరుంటారో తెలియని ఊరు తయారైంది. 1888లో లండన్‌లోని వైట్‌చాపెల్ పేటలో స్త్రీల వరుస హత్యలు జరిగాయి, ‘జాక్ ది రిప్పర్’ అని పేరుపడ్డ హంతకుడు దొరకలేదు. సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో తల్లీబిడ్డా చనిపోగానే ఊరంతా ‘రిప్పర్ మళ్లీ వచ్చాడు’ అనుకోవడం చరిత్రకు సరిపోయే మాట. డార్విన్ 1859లో, 1871లో రాసిన పుస్తకాలతో మనిషికీ జంతువుకీ మధ్య గోడ పలచబడింది. మనిషి ముందుకు వచ్చినవాడైతే వెనక్కి కూడా పోగలడు కదా అన్న ఆలోచనే హైడ్‌కూ తోడేలు మనిషికీ ఊపిరి.

అన్నిటికన్నా బలంగా పనిచేసిన భయం సామ్రాజ్యానికి సంబంధించింది. మనం వాళ్ల దేశాలకు వెళ్లినట్టే వాళ్లు మన దేశానికి వస్తే? స్టోకర్ నవలలో డ్రాకులా తన కోటలో సోఫా మీద పడుకుని ఇంగ్లండ్ రైళ్ల టైంటేబుల్ పుస్తకం చదువుతూ కనిపిస్తాడు. భాష నేర్చుకుని, ఆస్తి కొని, ఓడలో మట్టి పెట్టెలు వేసుకుని లండన్ చేరతాడు. ఇంగ్లిష్‌వాళ్లు ప్రపంచమంతా చేసిన పనినే అతను తిరిగి వాళ్ల మీద చేస్తాడు. చాలామంది సాహిత్య విమర్శకులు ఆ నవలను ఇలాగే చదువుతారు.

సర్ మాల్కమ్ పాత్ర దీన్ని ఇంకో వైపునుంచి చూపిస్తుంది. నైలు నది పుట్టుక వెతికే యాత్రలో కొడుకు పీటర్‌ను ఆఫ్రికాలోనే పోగొట్టుకున్నాడు. బయటి ప్రపంచానికి ఘనమైన అన్వేషకుడు, ఇంట్లోవాళ్లకు మాత్రం లేని మనిషి. ఇలాంటివాళ్లు నిజంగానే ఉండేవారు. నైలు పుట్టుక కోసం 1857లో బయలుదేరిన రిచర్డ్ బర్టన్ అంతకుముందు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో మన దేశంలో పనిచేసినవాడు. అతనే 1870లో మన విక్రమార్కుడు, బేతాళుడి కథలను ఇంగ్లిష్‌లో ప్రచురించాడు. ‘చందమామ’లో ప్రశ్న అడిగి చెట్టెక్కే బేతాళుడు ఆ పుస్తకం పేరులో వాంపైర్ అయిపోయాడు. బర్టన్‌ను స్టోకర్ కలిశాడు, మాట్లాడేటప్పుడు అతని కోరపన్ను మెరిసే తీరు గురించి తన జ్ఞాపకాల్లో రాశాడు కూడా. డ్రాకులా అక్కడినుంచే పుట్టాడని చెబితే అతి అవుతుంది. కానీ లండన్ భయాల్లో తూర్పుదేశాల పాలు ఎంతన్నది దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ పాలు సిరీస్‌లోనూ ఉంది. మొదటి సీజన్‌లో ఆత్మలను పిలిచే ఇంగ్లిష్ స్త్రీ పెట్టుకున్న పేరు మేడమ్ కాళి. వెనెస్సాను వెంటాడే శక్తులకు ఈజిప్టు దేవతల పేర్లు. బ్రిటన్ ఈజిప్టును ఆక్రమించి అప్పటికి తొమ్మిదేళ్లే. మూడో సీజన్‌లో వచ్చే డాక్టర్ జెకిల్ (షాజాద్ లతీఫ్) ఇంగ్లిష్ ప్రభువుకూ భారతీయ స్త్రీకీ పుట్టినవాడు. రంగు చూసి చులకన చేసే లండన్‌లో బెడ్లాం పిచ్చాసుపత్రిలో పనిచేస్తుంటాడు. చివరికి తండ్రి చనిపోయి బిరుదు ఇతనికి దక్కుతుంది. ఆ బిరుదు లార్డ్ హైడ్. మందు తాగి రాక్షసుడైపోయే పాత కథ కన్నా ఇది పదునైన ఊహ. విచారమేమిటంటే ఆ పేరు వినిపించేసరికి సిరీస్ అయిపోవచ్చింది.

పేరు పెన్నీది, పాత్రలు షిల్లింగులవి

1830ల నుంచి లండన్‌లో కూలీలు, ఆఫీసు కుర్రాళ్లు కొనుక్కునే వారవారీ చవక సీరియళ్లకు పెన్నీ డ్రెడ్‌ఫుల్ అని పేరు. మామూలుగా ఎనిమిది పేజీలు, రెండు కాలమ్‌ల కిక్కిరిసిన అచ్చు, పైన భయపెట్టే బొమ్మ, ధర ఒక పెన్నీ. అదే కాలంలో మూడు సంపుటాల నవల కొనాలంటే 31 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే షిల్లింగుకు 12 చొప్పున 378 పెన్నీలు. ‘వార్నీ ది వాంపైర్’ 1845 నుంచి 1847 దాకా 200కు పైగా అధ్యాయాలు సాగింది. రాసేవాళ్లకు లెక్క పంక్తికింత కాబట్టి సాగదీత తప్పలేదు. వారపత్రికల్లో ‘సశేషం’ చూసి నిట్టూర్చిన తెలుగు పాఠకులకు ఈ వ్యాపారం విడమరిచి చెప్పక్కర్లేదు.

సిరీస్‌లోని ప్రధాన పాత్రలు ఒక్కటీ ఆ పెన్నీ కాగితాల్లోంచి రాలేదు. జెకిల్ కథ మొదటి ధర ఒక షిల్లింగు, డ్రాకులాది ఆరు షిల్లింగులు. పేరు చూసి చవకబారు కథ అనుకుంటే పొరపాటే. అలాగని పేరు ఊరికే పెట్టిందీ కాదు. మొదటి సీజన్‌లో వాన్ హెల్సింగ్ ఒక పాత కాగితాల బొత్తి తీసి విక్టర్ చేతిలో పెడతాడు. అది వార్నీ కథ. జనం కాలక్షేపానికి చదివే ఈ చెత్తలో నిజం ఉందని వివరిస్తాడు. కాసేపటికే విక్టర్ సృష్టించిన జీవి వచ్చి ఆ పెద్దాయన మెడ విరిచేస్తుంది. డ్రాకులా కథలో అందరినీ కాపాడాల్సిన వ్యక్తి సీజన్ సగం దాటగానే పోతాడు. నవలలు తెలిసిన ప్రేక్షకుడి ధీమా కూడా అక్కడితో పోతుంది.

కాలంతో సిరీస్ కొన్ని స్వేచ్ఛలు తీసుకుంది. సిరీస్ లండన్‌లో చూపించే గ్రాండ్ గిన్యోల్ అనే రక్తపు నాటకాల థియేటర్ నిజానికి పారిస్‌లో, 1897లో తెరిచారు. మాటలతో మానసిక వైద్యం గురించి ఫ్రాయిడ్, బ్రాయర్‌ల పుస్తకం 1895లో వచ్చింది, సిరీస్‌లో వెనెస్సాకు వైద్యం చేసే డాక్టర్ సీవర్డ్ (పాటీ లుపోన్) ఆ పని 1892లోనే చేసేస్తుంది. ఇవి తప్పులు పట్టాల్సినవేమీ కావు.

నాలుగు గోడల మధ్య

భయం ఎలా పుట్టిస్తుందన్న విషయంలో ఈ సిరీస్‌కు రెండు సన్నివేశాలు చాలు. మొదటిది రెండో ఎపిసోడ్‌లో ఆత్మలను పిలిచే కూటమి. అప్పట్లో లండన్ పెద్దింటివాళ్లకు ఇది విందు తర్వాతి వినోదం. బల్ల చుట్టూ చేతులు కలుపుకుని కూర్చుంటారు. పిలిచినామె మీదికి కాకుండా అతిథిగా వచ్చిన వెనెస్సా మీదికి వస్తుంది శక్తి. గ్రాఫిక్స్ ఆసరా పెద్దగా లేకుండానే ఎవా గ్రీన్ గొంతు మారుస్తూ, ఒళ్లు విరుచుకుంటూ మీనాలా, చనిపోయిన పీటర్‌లా మాట్లాడుతుంది. మాల్కమ్ దాచుకున్నవన్నీ నలుగురి ముందు బయటపడతాయి. ప్రేక్షకుడికి దెయ్యం కన్నా ఆ పరువు పోవడమే ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

రెండోది మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్. దాదాపు గంటసేపూ మెత్తలు కుట్టిన గోడల గది, అందులో వెనెస్సా. హిప్నోటిజంలో ఆమె పిచ్చాసుపత్రి రోజులు గుర్తు చేసుకుంటుంది. ఆమెకు తిండి పెట్టే పనివాడిగా రోరీ కిన్నియర్ వస్తాడు. తర్వాత చనిపోయి విక్టర్ చేతిలో జీవిగా లేచేది ఇతనే. చికిత్స పేరుతో జరిగే హింసను ఆపే శక్తి అతనికి లేదు, ఉద్యోగం వదులుకునే స్తోమతా లేదు. అతను చేయగలిగింది చిన్న చిన్న దయలే. ఒక దశలో అదే నటుడి ముఖంతో దుష్టశక్తులు కూడా ఆమె ముందుకొస్తాయి. సెట్ ఒకటే, నటులు ఇద్దరు ముగ్గురు. మొత్తం సిరీస్‌లో ఇదే మంచి ఎపిసోడ్ అనేవాళ్లు చాలామంది, ఆ మాటతో విభేదించడం కష్టం. తోడేళ్లు, మంత్రగత్తెలు, పిశాచాలు చేయలేని పని తాళం వేసిన తలుపు చేస్తుంది. ఆ రోజుల్లో మాట వినని ఆడవాళ్లకు ఆ తలుపు నిజంగానే ఉండేదన్నది ఇందులోని చరిత్ర.

తయారీ సంగతి కొద్దిగా. అమెరికాలో షోటైమ్, బ్రిటన్‌లో స్కై కలిసి ఈ సిరీస్ తీశాయి. షోటైమ్ చందాల మీద నడిచే ఛానెల్, ప్రకటనదారులకు ఇబ్బందేమోనన్న లెక్క లేదు కాబట్టి రక్తానికీ శృంగారానికీ అడ్డు పడలేదు. లండన్‌గా కనిపించేది చాలావరకు ఐర్లండ్. బ్రే పట్టణంలోని ఆర్డ్‌మోర్ స్టూడియోస్‌లో సెట్లు వేశారు, డబ్లిన్ పాత వీధులను వాడుకున్నారు. సినిమాలకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీ పెద్ద ఆకర్షణ. బ్రిటన్‌లో తెర వెనక పనిచేసేవాళ్లకు ఇచ్చే 2015 బాఫ్టా క్రాఫ్ట్ అవార్డుల్లో మేకప్, సంగీతం, ప్రొడక్షన్ డిజైన్ విభాగాల్లో గెలిచింది.

కథ కంచికి చేరిన తీరు

ఎనిమిది, పది, తొమ్మిది. మూడు సీజన్లలో మొత్తం 27 ఎపిసోడ్లు. 2016 జూన్‌లో వచ్చిన చివరి ఎపిసోడ్ ఈథన్ చేతిలో వెనెస్సా మరణంతో, ఆమె సమాధి దగ్గర జీవి చెప్పే వర్డ్స్‌వర్త్ కవితతో ముగుస్తుంది. తెర మీద ‘ది ఎండ్’ అని పడింది. ఇదే చివరి సీజన్ అని ముందుగా ఎవరూ ప్రకటించలేదు. ఛానెల్ రద్దు చేసి ఆ మాట దాచిపెడుతోందని కొందరు అభిమానులు అనుమానించారు. లోగన్ మాత్రం రెండో సీజన్ తీస్తున్నప్పుడే ఈ ముగింపు అనుకున్నానని, ఇది వెనెస్సా కథ కాబట్టి ఆమెతోనే అయిపోతుందని చెప్పాడు.

ఆయన వాదనలో పస ఉంది. వెనెస్సా లేని ఈ సిరీస్‌ను ఊహించలేం. కానీ మూడో సీజన్ నిర్మాణం ఆ మాటకు పూర్తిగా మద్దతు ఇవ్వదు. ముగించబోయేవాళ్లు కొత్త పాత్రలను ఇంతమందిని తెస్తారా? డ్రాకులా ఈ సీజన్‌లోనే వచ్చాడు, జెకిల్ ఇందులోనే, పిశాచాల వేటలో ఆరితేరిన కత్రియోనా హార్ట్‌డెగెన్ ఇందులోనే. సగం సీజన్ ఈథన్ అమెరికా గొడవల్లో గడిచిపోయింది. తీరా చివరి రెండు గంటల్లో లండన్‌ను చీకటి కమ్మడం, పోరాటం, మరణం అన్నీ కుక్కేశారు. మొదటి సీజన్‌లో ఏమాత్రం తొందరపడకుండా నడిచిన కథకు ఇది నప్పలేదు. పైగా డ్రాకులా చావకుండా తప్పించుకుపోతాడు. నవలలు వదిలేసిన ఖాళీల్లో ఇల్లు కట్టుకున్న సిరీస్ తనూ కొన్ని ఖాళీలు వదిలేసి వెళ్లింది.

2017లో టైటాన్ సంస్థ వెనెస్సా మరణం తర్వాతి కథను కామిక్స్‌గా తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో ‘పెన్నీ డ్రెడ్‌ఫుల్: సిటీ ఆఫ్ ఏంజెల్స్’ వచ్చినప్పుడు రెండో గందరగోళం మొదలైంది. రాసింది లోగనే, కిన్నియర్ కూడా నటించాడు. అయితే అది 1938 నాటి లాస్ ఏంజెలిస్, కొత్త పాత్రలు, మెక్సికన్ అమెరికన్ల మీద జాతి వివక్షతో ముడిపడిన కథ. పది ఎపిసోడ్ల తర్వాత అదే ఏడాది ఆగస్టులో రద్దయింది. లండన్‌లో మిగిలినవాళ్లు ఏమయ్యారో తెలుసుకుందామని దాన్ని చూసేవాళ్లకు అందులో దొరికేదేమీ లేదు.